వాషింగ్ మెషిన్ ముందు పీట

మా ఊళ్లో ఇల్లు కొనేవారు మొదట లింకు డాక్యుమెంట్లు చూస్తారు, ఈసీ తీయిస్తారు, తెలిసినవారిని పిలిచి ఈశాన్యం పెరిగిందో తగ్గిందో కనుక్కుంటారు, బోరు ఎండాకాలంలో కూడా నీళ్లు ఇస్తుందా అని పక్కింటివారిని అడుగుతారు. కరెంటు సంగతి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్క స్విచ్చీ వేసి, లైటు వెలిగితే, ఫ్యాను తిరిగితే, తృప్తిగా తల ఊపి పక్క గదిలోకి వెళ్లిపోతారు. మా అక్కా బావా కూడా అదే చేశారు. తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు ఒక పాత డాబా ఇంటికి బేరం దాదాపు కుదిరిపోయాక, అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకసారి చూసిపొమ్మని నన్ను పిలిచారు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, పదహారేళ్లుగా కట్టడాల దగ్గర ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా పనిచేస్తున్నవాణ్ణి. బంధువుల్లో ఎవరు ఇల్లు చూడబోయినా టెస్టరు జేబులో వేసుకొని వెంట వెళ్లడం నాకు అలవాటే.

సంక్రాంతి వెళ్లిన వారం, ఒక ఆదివారం ఉదయం వెళ్లాము. ఆ ఇంట్లో నా కంట మొదట పడింది బోర్డూ కాదు, వైరూ కాదు. వెనక వసారాలో వాషింగ్ మెషిన్ ముందు ఒక చెక్కపీట వేసి ఉంది, దాని మీద పాత రబ్బరు మ్యాటును కొలతకు కత్తిరించి పరిచారు. నేల చదునుగానే ఉంది, మెషిన్ కూడా పీట ఎక్కి అందుకోవలసినంత ఎత్తుది కాదు. ఇదెందుకమ్మా అని ఇంటావిడను అడిగితే ఆమె ఏమీ దాచుకోకుండా చెప్పింది.

"తడి కాళ్లతో ముట్టుకుంటే కొంచెం జివ్వుమంటాది నాయనా. పీట మీద నిలబడితే ఏమీ గాదు. పదేండ్లుగా ఇట్లనే ఉతుక్కుంటా ఉండాము."

ఇంటి యజమాని ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తా, మర్యాదస్తుడు, ఓపికమంతుడు. తలుపుల గడియలు, కొళాయిల వాషర్లు, గేటు రంగు, అన్నీ ఆయన స్వహస్తాలతో చేసుకున్నవే, అవన్నీ నిజంగానే చక్కగా ఉన్నాయి. "వైరింగు గూడా నేనే చేసుకున్నా సామీ, ఎవురికీ ఒక్క రూపాయి ఇయ్యలా" అని ఆయన చెప్పినప్పుడు ఆ గొంతులో గర్వం వినిపించింది. ఆ తర్వాత రెండు గంటలపాటు ఆ గర్వాన్ని నొప్పించకుండా నా పని చేసుకోవడమే నాకు కష్టమైంది.

సొంతంగా వైరింగు చేసుకున్నవారి పనిలో ఒక తీరు కనిపిస్తుంది. దీపం వెలగడానికి కావలసినవి కరెంటును తెచ్చే ఫేజు, తిరిగి తీసుకుపోయే న్యూట్రల్ అనే రెండు వైర్లే. ఆ రెండూ చేరవలసిన చోటికి చేరితే దీపం వెలుగుతుంది, చేసినవారికి తమ పని సరిగ్గా ఉందన్న నమ్మకం కుదురుతుంది. లీకైన కరెంటును భూమిలోకి దించే మూడోదైన ఎర్తు వైరుకు గాని, సరైన కొలత గల ఫ్యూజుకు గాని, జంక్షన్ బాక్సులో గట్టిగా బిగించిన కనెక్టరుకు గాని దీపం వెలగడంలో పాత్ర లేదు. ఎప్పుడో ఒకనాడు ఏదైనా చెడితేనే వాటికి పని. అనుభవం లేని చేయి వదిలేసేది సరిగ్గా వాటినే, వదిలేసిన సంగతి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. అందుకే నేను ఇల్లు చూసేటప్పుడు వెలుగుతున్న దీపాల జోలికి పోను, ఏ పనీ చేయనట్టు కనిపించే వాటిని వెతుక్కుంటూ వెళ్తాను.

పీట చూశాక నేను వెతకవలసింది ఎర్తు వైరునే. వాషింగ్ మెషిన్ సాకెట్ మూడు రంధ్రాలదే, ఎర్తు రంధ్రంలోకి ఆకుపచ్చ వైరు వచ్చినట్టు పలక అంచున కనిపిస్తూనే ఉంది. అక్కడి నుంచి ఆ వైరు గోడ వెంట కొయ్య పట్టీ మీదుగా పెరట్లోకి దిగి, ఒక జి.ఐ. (జింకు పూత ఇనుప) నీళ్ల పైపుకు నాలుగు చుట్లు తిరిగి, పైన టేపుతో ముగిసింది. పాత ఇళ్లలో నీళ్ల పైపుకే ఎర్తు కట్టడం చాలాచోట్ల చూశాను. ఇక్కడ అసలు సంగతి ఆ చుట్లకు జానెడు కింద ఉంది. పైపు తుప్పుపట్టినప్పుడు కింది భాగాన్ని కోసేసి, అక్కడి నుంచి భూమిలోకి సి.పి.వి.సి. పైపు అతికించారు. ప్లాస్టిక్ పైపులో కరెంటు పారదు. అంటే ఆ ఎర్తు వైరు భూమిని చేరడం లేదు. మిగిలిన ఇనుప పైపు మాత్రం గోడలో నుంచి నేరుగా బాత్రూము కొళాయికి వెళ్తోంది.

బాత్రూములోకి వెళ్లి కొళాయికి టెస్టరు ఆనించాను. లోపలి నియాన్ బల్బు ఎర్రగా వెలిగింది. బావను వసారాలోకి పంపి మెషిన్ ప్లగ్గు పీకించాను, టెస్టరు ఆరిపోయింది. మళ్లీ పెట్టించాను, మళ్లీ వెలిగింది. ఇంటావిడ గడప దగ్గర నిలబడి చూస్తూ, "అదా సంగతి, స్నానానికి పోయినప్పుడు కొళాయి గూడా ఒక్కోసారి పట్టుకుంటాది" అంది. ఆమెకు తెలియకుండానే ఆ ఇంట్లో వాషింగ్ మెషిన్ ఒంటికీ స్నానాల గది కొళాయికీ పదేళ్లుగా చుట్టరికం ఉంది.

ఎర్తు లేని చోట మెషిన్ ఒళ్లు జివ్వుమనడానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఈ కాలపు మెషిన్లలో, కంప్యూటర్లలో విద్యుత్ రొదను వడకట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు తెగితే వాటి గుండా వచ్చే వోల్టేజీ, మన 230 వోల్టుల్లో ఇంచుమించు సగం, ఒంటి మీద నిలిచిపోతుంది, కాని ప్రవహించే కరెంటు బహు స్వల్పం. రెండో కారణం మోటారు చుట్టలోనో హీటరులోనో ఇన్సులేషను నిజంగా పాడైపోవడం. అది మనిషిని చంపగలది. ముట్టుకున్న చేతికి ఈ రెంటికీ తేడా మొదట్లో తెలియదు. ఆ రోజు నాకూ తేలలేదు. మెషిన్‌ను మెకానిక్‌కు చూపించమని మాత్రం యజమానికి చెప్పాను, ఆయన సరేనన్నారు.

తర్వాత మెయిన్ బోర్డు. ఇనుప డబ్బాలో మెయిన్ స్విచ్చి, పక్కన పింగాణీ ఫ్యూజులు, మనం కిట్‌క్యాట్ అనేవి, వరసగా ఉన్నాయి. మెయిన్ ఆపి, ఇన్వర్టర్ కూడా ఆపించాకే ఫ్యూజు మీద చేయి వేశాను. మెయిన్ ఆపేస్తే ఇల్లంతా చచ్చినట్టేనని అనుకోవడం ఇన్వర్టర్లు వచ్చాక పనికిరాని నమ్మకం, దాని మీద నడిచే పాయింట్లలో కరెంటు అలాగే ఉంటుంది. ఒక ఫ్యూజు లాగి తిప్పి చూస్తే, సన్నని ఫ్యూజు తీగ ఉండవలసిన చోట మామూలు వైరులోని నాలుగైదు రాగి పోగులను మెలిపెట్టి బిగించారు.

"ముందు ఊరికూరికే పోతా ఉండె సామీ. ఈ లావు తీగ ఏసినాక ఒక్కసారన్నా పోలా" అన్నారు యజమాని.

పోదు. పోకపోవడమే దాని లోపం. ఫ్యూజు గాని, కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చి అయిన ఎం.సి.బి. గాని ఉన్నది గోడలో దాగిన వైరును కాపాడటానికి. 2 కిలోవాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది, టన్నున్నర ఏసీ ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, చలికాలం ఉదయాన గీజరూ, నీళ్ల మోటారూ, ఇస్త్రీ పెట్టే ఒకేసారి నడిస్తే ఆ మొత్తం ఇరవై దాకా పోవచ్చు. వైరులో కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. ఆ వేడికి ముందుగా తెగిపోవలసిన తీగను, వైరు మోయగలిగినదానికన్నా ఎక్కువ మోసేంత లావుగా వేస్తే, తెగవలసిన వంతు గోడలోని వైరుకు వస్తుంది. ఎం.సి.బి.లు పెట్టించుకున్న ఇళ్లలో కూడా ఇదే తప్పు మరో వేషంలో కనిపిస్తుంది. మాటిమాటికీ పడిపోతోందని 10 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది పెడతారు, వెనక వైరు మాత్రం పాతదే. బోర్డు ముందు నిలబడి ఎం.సి.బి. మీది అంకె చదవడానికి ఏ చదువూ అక్కరలేదు. లైట్లు, ఫ్యాన్ల లైనుకు 32 అని కనిపిస్తే అక్కడ ఆగి అడగాలి.

గీజరు దగ్గరికి వెళ్లేసరికి మా అక్క ముక్కు చిట్లించి, "ఏందిరా, నీచు వాసన వస్తా ఉంది?" అని మెల్లగా అడిగింది. ఆ ఇంటివారు కోడిగుడ్డు కూడా తినరు. స్విచ్చులు, సాకెట్లు చేసే ప్లాస్టిక్‌లలో కొన్ని రకాలు అతిగా వేడెక్కితే సరిగ్గా చేపల వాసనలాంటిదే వస్తుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు కళ్లతోపాటు ముక్కును కూడా పనిలో పెట్టాలని నేను చెప్పేది అందుకే. పెద్ద సాకెట్‌లో కుడివైపు రంధ్రం, అంటే ఫేజు ఉండే రంధ్రం, చుట్టూ గోధుమరంగు మచ్చ అర్ధరూపాయి బిళ్లంత పాకి ఉంది. ప్లగ్గు తీసి చూస్తే ఆ వైపు పిన్ను నల్లబారి, మిగతా రెండూ మెరుస్తున్నాయి. పలక విప్పాను. బాత్రూము లైటు కోసం ఎప్పుడో వేసిన సన్నని వైరును, ఒంటి మీద 1.0 అని అచ్చైన దాన్ని, మధ్యలో కోసి, రెండు కొసలూ చేత్తో మెలిపెట్టి, టేపు చుట్టి, అక్కడి నుంచి గీజరుకు ఇచ్చారు. టేపు జిగురు కరిగి కారిపోయింది, వేలితో తాకగానే చుట్ట మొత్తం తొడుగులాగా జారి వచ్చేసింది. లోపల రాగి నల్లగా, పెళుసుగా ఉంది. గీజరు లైనుకు మెయిన్ బోర్డు నుంచే విడిగా కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రావాలి, దుకాణాల్లో రెండున్నర ఎంఎం అని అడిగేది అదే. చాలామంది పనివాళ్లు 4 వేస్తారు, అది ఇంకా మంచిది. 16 ఆంపియర్ల సాకెట్ బిగించినంత మాత్రాన దాని వెనక వైరు 16 ఆంపియర్లు మోయదు.

ఇలాంటివి చూడటానికి ప్రతిచోటా పలకలు విప్పనక్కరలేదు, తెలియనివారు విప్పకూడదు కూడా. గోడలే చాలా చెబుతాయి. పడకగదిలో లైటు పాయింటు నుంచి ఏసీ వరకు ప్లాస్టరు మీద ఒక వెంట్రుకవాసి పగులు ఐమూలగా సాగింది. వృత్తి తెలిసినవారు గోడను నిలువుగానో అడ్డంగానో మాత్రమే చెక్కుతారు, రేపు ఆ ఇంట్లో ఎవరైనా పటానికి మేకు కొట్టేటప్పుడు వైరు ఏ దారిన పోతుందో ఊహించగలిగేది ఆ కట్టుబాటు వల్లనే. ఇంటాయన పైపు ఆదా అవుతుందని దగ్గరి దారి పట్టారు. ఆ పగులుకు బెత్తెడు దూరంలో ఏడుకొండలవాడి పటం మేకు ఉంది. అంత దయ ఆయన చూపించాడని మా బావ అన్నాడు.

రాత్రిపూట స్విచ్చి ఆపాక కూడా ఎల్.ఇ.డి. బల్బు మిణుకు మిణుకుమంటోందా అని అడిగితే పిల్లల గదిలో ఒకటి అలాగే ఉందన్నారు. తరచుగా దీనికి కారణం స్విచ్చిని ఫేజుకు బదులు న్యూట్రల్‌కు ఇవ్వడం. స్విచ్చి ఆపినా హోల్డరులో ఫేజు నిలిచే ఉంటుంది, బల్బు మార్చబోయిన చేతికి అది తగులుతుంది. విప్పితే ఆ బోర్డులో వైర్లన్నీ ఎరుపే. మన దగ్గర ఫేజుకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ అన్నది స్థిరపడిన పద్ధతి. ఒకే రంగు కాయిల్ కొంటే చవకగా వచ్చిందని ఆయన అన్నారు. చవకే, కాని ఏది ఏదో తర్వాత ఆయనే పోల్చుకోలేకపోయారు.

హాలులో కింది సాకెట్ల పలకలన్నీ తళతళలాడుతున్నాయి, పై స్విచ్‌బోర్డులు మాత్రం పసుపుబారిన పాతవి. 2021 నవంబరు వానల్లో తిరుపతి లోతట్టు కాలనీలు ఎలా మునిగాయో ఇక్కడివారందరికీ గుర్తే. ఈ ఇంట్లోకి మోకాటి లోతు నీళ్లు వచ్చాయట. ఆ తర్వాత గోడలకు రంగు వేయించి, కొత్త పలకలు బిగించారు. కాని పలక కింద స్క్రూ తల నుంచి సున్నం మీదికి సన్నని తుప్పు చార దిగి ఉంది. ఇనుప బాక్సు, వైర్ల కొసలు, పైపులో నిలిచిన బురద, అవన్నీ అలాగే ఉన్నాయన్నమాట. మునిగిన ఇంటి కింది సాకెట్లను ఇల్లు కొనేవారు ప్రత్యేకంగా అడిగి చూడాలి. కొత్త రంగు వాసన వేస్తున్న పాత ఇంట్లో ఇంకా ఎక్కువగా చూడాలి.

డాబా మీద రేకుల గదికి ఒక దీపం, ఒక ఫ్యాను ఉన్నాయి. మీటరు వరకు స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు అల్యూమినియంది కదా, దాని మిగులు ముక్కను పైకి లాగి, ఇంటి రాగి వైరుకు మెలిపెట్టారు. అల్యూమినియమూ రాగీ తడిలో కలిస్తే అల్యూమినియం తినుకుపోతుంది, పైన తెల్లని పొడి పేరుకుంటుంది, ఆ పొడి కరెంటును పారనివ్వదు, జాయింటు కాలుతుంది. ఎండకు తొడుగు పగిలిన ఆ వైరు బట్టలు ఆరేసే జి.ఐ. తీగ కొక్కేనికి ఆనుకొని వెళ్తోంది. వానాకాలంలో ఆరేసే తీగకు కరెంటు పాకి మనుషులు పోయారన్న వార్తలు మనం చదువుతూనే ఉంటాము. ఆ ఒక్క వైరును మాత్రం అమ్మేవరకు కూడా ఉంచవద్దని ఆయన చేత అప్పుడే మెయిన్ ఆపించి తీయించేశాను.

"మా ఇంట్లో మేము చేసుకుంటే తప్పా సామీ?" అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లో గాని, వాటి స్థానంలో 2023లో వచ్చిన వాటిలో గాని, ఇంటివారు బల్బో ఫ్యానో ఫ్యూజో స్విచ్చో మార్చుకోవడానికి అడ్డు లేదు. ఉన్నదాని స్థానంలో అలాంటిదే పెట్టడం వరకు సరే. కొత్త పాయింటు లాగడం, లైనుకు బరువు పెంచడం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేయవలసిన పనులు. ఇది కాగితాల కోసం పెట్టిన గీత కాదని నా అభిప్రాయం. ఫ్యాను మార్చినవాడు తప్పు చేస్తే ఆ ఫ్యాను తిరగదు, వెంటనే తెలిసిపోతుంది. పాయింటు లాగినవాడి తప్పు పదేళ్లకు గాని తెలియదు.

బేరం చెడలేదు. వైరింగు మొత్తం మార్చడానికి అయ్యే ఖర్చును లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత కాగితం మీద రాయించి, ధరలో తగ్గించమని అడిగాము, ఆయన కొంత గొణిగి ఒప్పుకున్నారు. రిజిస్ట్రేషను అయ్యాక పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన గుంత తవ్వించి, రెండున్నర మీటర్ల జి.ఐ. పైపు దించి, బొగ్గు, ఉప్పు పొరలుగా నింపించాము. మన రాతి నేల ఎండాకాలంలో ఎండి గట్టిపడిపోతుంది కాబట్టి గుంతలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయమని అక్కకు చెప్పాను. కరివేపాకు చెట్టు కూడా బాగుపడింది. ఎర్తు వచ్చిందో లేదో చూడటానికి హోల్డరులో బల్బు పెట్టి ఫేజుకూ ఎర్తుకూ కలిపాము. ఇది నిర్లక్ష్యంగా చేసే పరీక్ష కాదు. ఎర్తు తెగి ఉంటే ఆ బల్బు గుండా కరెంటు ఇంట్లో ఎర్తుకు కలిసిన ప్రతి ఇనుప వస్తువు ఒంటికీ చేరుతుంది, అందుకని ముందే అన్ని ప్లగ్గులూ తీయించి, ఎవరినీ దేనినీ ముట్టుకోవద్దన్నాము. బల్బు నిండుగా వెలిగింది. చివరగా 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి.ని, అంటే కరెంటు ఎక్కడైనా లీకైతే తనంతట తానే పడిపోయే స్విచ్చిని, బిగించి అదే బల్బు మళ్లీ కలిపితే, వెలగకముందే టప్పున పడిపోయింది. అది పడిపోవడమే మాకు కావలసింది.

పాత యజమానులు తమ సామాను, ఆ వాషింగ్ మెషిన్‌తో సహా, తిరుచానూరు రోడ్డులో కొన్న కొత్త ఫ్లాట్‌కు తరలించుకున్నారు. నెల తిరగకముందే ఆయన నాకు ఫోను చేశారు.

"ఈ ఫ్లాట్లో వైరింగు సరిగ్గా చేసినట్టు లేరు సామీ. మా మిషను పెడితే చాలు, బోర్డులో ఏదో స్విచ్చి పడిపోతా ఉంది. మన ఇంట్లో పదేండ్లల్లో ఒక్కసారన్నా పడిందా?"

ఆ స్విచ్చి మీద 'టి' అనే అక్షరంతో చిన్న బటను ఉందా అని అడిగాను. ఉందన్నారు. అయితే అది ఆర్.సి.సి.బి.యే. మెకానిక్ వచ్చి మోటారూ హీటరూ చూసేవరకు ఆ మెషిన్ ప్లగ్గు పెట్టవద్దని చెబుతూ ఉండగా, వెనక నుంచి ఇంటావిడ గొంతు వినిపించింది.

"ఆ పీట ఆడనే మరిచిపోయినాము గదా, దాన్ని తెచ్చుకుంటే సరిపోతాదేమో అడగండి."